మొదటి కొత్త కారు: ఏడున్నర లక్షల్లో ఏ బండి, ఏ వేరియంట్?

మా మేనకోడలికి ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర అయింది. ఆఫీసు గచ్చిబౌలిలో, ఉండేది మియాపూర్‌లో, అమ్మానాన్నలు సూర్యాపేటలో. లైసెన్స్ చేతికొచ్చి నాలుగు నెలలే. "మామయ్యా, అన్నీ కలిపి ఏడున్నర లక్షలు దాటకూడదు. కొత్త బండే కావాలి. ఏది తీసుకోమంటావ్?" అని అడిగింది. ఆ తర్వాత నెల రోజులు ఆదివారం వస్తే చాలు, ఇద్దరం షోరూమ్‌ల చుట్టూ తిరిగాం. ఆ తిరుగుడులో తేలిన లెక్కలు, పోలికలు ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి కారు కొంటున్న పిల్లలకు, వాళ్ల వెనక నిలబడే పెద్దవాళ్లకు పనికొస్తాయని.

ముందు ఒక కాగితం మీద బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో రాయమన్నాను. ఆఫీసుకు రానూపోనూ పాతిక కిలోమీటర్లు, నెలకు రెండుసార్లు సూర్యాపేట. మొత్తం నెలకు పదకొండు వందల కిలోమీటర్లు. అందులో సగం హైదరాబాద్ ట్రాఫిక్, సగం విజయవాడ హైవే. ఈ ఒక్క లెక్కతోనే సగం కార్లు జాబితాలోంచి పోయాయి. సిటీ దాటని వాళ్లకు సరిపోయే బండి వేరు, లారీల మధ్య నూటయాభై కిలోమీటర్లు నడపాల్సిన వాళ్లకు కావాల్సిన బండి వేరు.

ఏడున్నర లక్షలంటే ఎంత?

యాడ్‌లో కనిపించే ధర ఎక్స్‌షోరూమ్ ధర. మన జేబులోంచి పోయేది ఆన్‌రోడ్ ధర. ఈ రెంటి మధ్య తేడా తెలియక చాలామంది బుకింగ్ కట్టేశాక టెన్షన్ పడతారు. ఏపీలోనూ తెలంగాణలోనూ పది లక్షల లోపు కార్లకు లైఫ్ ట్యాక్సే 13, 14 శాతం దగ్గర ఉంటుంది. దాని మీద ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేట్లు, ఫాస్టాగ్. మొత్తం కలిపితే ఎక్స్‌షోరూమ్ ధర మీద అయిదో వంతు ఎక్కువ పడుతుందని అనుకోండి.

కాబట్టి ఏడున్నర లక్షలు ఉన్నవాళ్లు వెతకాల్సింది ఏడున్నర లక్షల కారు కాదు, ఆరు లక్షల ఇరవై వేల లోపు కారు. దాని మీద 14 శాతం ట్యాక్స్ దాదాపు 87 వేలు, ఇన్సూరెన్స్ 35 వేల చుట్టూ, మిగతా చిల్లర ఖర్చులు ఏడెనిమిది వేలు. సరిగ్గా ఏడున్నరకు వచ్చి ఆగుతుంది. ఈ గీత దాటిన వేరియంట్‌ను చూడనే చూడొద్దని ముందే ఒప్పందం చేసుకున్నాం. "ఇంకో నలభై వేలు వేస్తే పై వేరియంట్ వస్తుంది మేడమ్" అనే మాట ప్రతి షోరూమ్‌లో వినపడుతుంది. ఆ నలభై వేలకు ట్యాక్స్ కూడా కలుస్తుంది, వడ్డీ కూడా కలుస్తుంది.

ఒక మంచి విషయం ఏమిటంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు పెట్రోలు చిన్న కారుకు సెస్సుతో కలిపి 29 శాతం పడేది. పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ లోపు, పొడవు నాలుగు మీటర్ల లోపు ఉన్న బండ్లన్నీ ఇందులోకి వస్తాయి. నేను ఇక్కడ చెప్పే ధరలు ఆ తగ్గింపు తర్వాత కంపెనీలు ప్రకటించిన ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధరలు. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి వీటిని పోల్చుకోవడానికే వాడుకోండి, చెల్లింపు లెక్కకు డీలర్ ఇచ్చే కొటేషనే చూడండి.

ఇక లోను. చేతిలో రెండున్నర లక్షలుండి అయిదు లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి అయిదేళ్ల ఈఎంఐ దాదాపు 10,380 రూపాయలు. ఏడేళ్లు పెట్టుకుంటే 8,045. నెలకు రెండు వేల మూడొందలు తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. కానీ మొత్తం వడ్డీ అయిదేళ్లకు లక్షా 23 వేలు, ఏడేళ్లకు లక్షా 76 వేలు. తేడా 53 వేలు. చిన్న కారులో గేరు వేయక్కర్లేని ఏఎంటీ వేరియంట్‌కు పడే అదనపు ధర ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే అయిదేళ్లు దాటి లోను పెట్టుకోవద్దన్నాను.

పెట్రోలు మరచిపోవద్దు. మేం లెక్క వేసినప్పుడు హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు దాటింది. పదకొండు వందల కిలోమీటర్లకు, లీటరుకు 17 వచ్చినా, నెలకు దాదాపు ఏడు వేలు. ఈఎంఐ, పెట్రోలు, సర్వీసుకూ వచ్చే ఏడాది ఇన్సూరెన్సుకూ పక్కన పెట్టాల్సింది, అన్నీ కలిపితే నెలకు ఇరవై వేలు. ఆ మాట చెబితే మా మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. అప్పుడు ఒక పని చేయమన్నాను. బుక్ చేసే ముందు మూడు నెలలు, జీతం రాగానే ఇరవై వేలు తీసి వేరే ఖాతాలో వేయమన్నాను. ఇబ్బంది లేకుండా గడిస్తే కొనొచ్చు, ఆ అరవై వేలు డౌన్ పేమెంట్‌లో కలుస్తాయి. రెండో నెలకే చేయి ఆడకపోతే ఇంకా చిన్న బండి చూడాలి. తను మూడు నెలలూ వేసింది.

తర్వాత పెట్టించుకోలేనివి ఏవి?

ఒకే డబ్బుకు రెండు దారులుంటాయి. పెద్ద కారులో కింది వేరియంట్, చిన్న కారులో పై వేరియంట్. వీటి మధ్య ఎంచుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: ఈ వస్తువును రేపు బయట పెట్టించుకోవచ్చా?

మ్యూజిక్ సిస్టమ్, స్పీకర్లు, రివర్స్ కెమెరా, వీల్ కవర్లు, అల్లాయ్ వీల్స్ బయట దొరుకుతాయి, నిదానంగా పెట్టించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు, బండి పక్కకు జారకుండా పట్టే ఈఎస్‌పీ, ఎత్తులో వెనక్కి దొర్లకుండా ఆపే హిల్ హోల్డ్, డ్రైవర్ సీటు ఎత్తు మార్చుకునే ఏర్పాటు, వెనక అద్దానికి వైపరు, దాని మీది ఆవిరిని పోగొట్టే డీఫాగరు, ఇవి కంపెనీ నుంచి వస్తేనే ఉన్నట్టు. కొత్త డ్రైవరు డబ్బు పెట్టాల్సింది ఈ రెండో జాబితా మీద. సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్ చూసి వేరియంట్ ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. వెనక వైపరు లేని బేస్ వేరియంట్‌తో వర్షాకాలమంతా నడిపిన అనుభవం నాకుంది. సాయంత్రం వానలో రివర్స్ తీసుకుంటుంటే వెనక ఏముందో కనపడేది కాదు. ప్రతిసారీ దిగి గుడ్డతో తుడుచుకునేవాణ్ని.

సీటు ఎత్తు సంగతి మగవాళ్లు పెద్దగా పట్టించుకోరు. మా మేనకోడలు అయిదడుగుల ఒక అంగుళం. రెండు షోరూమ్‌లలో తను కూర్చున్నప్పుడు బానెట్ అంచు అసలు కనపడలేదు. క్లచ్ పూర్తిగా తొక్కాలంటే ముందుకు జరగాలి, ముందుకు జరిగితే స్టీరింగ్ ఛాతీకి తగిలేంత దగ్గరగా ఉంది. అలా కూర్చుని నడపడం మామూలు రోజుల్లోనే ప్రమాదం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఇంకా ప్రమాదం. ఎవరు నడుపుతారో వాళ్లు కూర్చుని చూడాలి. నాన్న కూర్చుని "బాగానే ఉందమ్మా" అంటే చాలదు.

నక్షత్రాలను ఎలా చదవాలి

క్రాష్ టెస్ట్ రేటింగ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఏ ఏడాది, ఏ రూల్స్ కింద పరీక్షించారో చూడరు. కార్లను గుద్దించి చూసి, భద్రతకు అయిదు దాకా నక్షత్రాలిచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్. అది 2022 జులై నుంచి పరీక్ష కఠినం చేసింది. పక్క నుంచి గుద్దే పరీక్ష, ఈఎస్‌పీ, పాదచారుల రక్షణ కూడా కలిపింది. మన ప్రభుత్వం ఇలాంటిదే భారత్ ఎన్‌క్యాప్‌ను 2023 అక్టోబర్ 1 నుంచి మొదలుపెట్టింది. కాబట్టి 2020లో వచ్చిన నాలుగు నక్షత్రాలూ 2025లో వచ్చిన నాలుగు నక్షత్రాలూ ఒకటి కావు.

రెండోది, ఎయిర్‌బ్యాగుల సంఖ్య ఒక్కటే చాలదు. టాటా పంచ్ 2021లో రెండే ఎయిర్‌బ్యాగులతో పెద్దవాళ్ల రక్షణలో 5 నక్షత్రాలు తెచ్చుకుంది. పాత రూల్స్ కిందే అయినా, బండి పంజరం గట్టిగా నిలబడిందని ఆ పరీక్ష చూపించింది. అదే 2023లో కొత్త రూల్స్ కింద వ్యాగన్ఆర్‌కు ఒక్క నక్షత్రం వచ్చింది, బాడీ నిలకడగా లేదని కూడా రాశారు. ఆల్టో కె10కు రెండు నక్షత్రాలు వచ్చినా బాడీ నిలకడగానే ఉందన్నారు. ఆ పరీక్షలప్పుడు ఈ రెండు మారుతీ బండ్లలోనూ రెండే ఎయిర్‌బ్యాగులు. 2025లో రెండింటికీ అన్ని వేరియంట్లలోనూ ఆరు ఇచ్చారు. అది మంచి మార్పే. కానీ ఎయిర్‌బ్యాగు పని చేయాలంటే దాని చుట్టూ ఉన్న పంజరం నిలబడాలి.

ఇక బండ్లు

ఆల్టో కె10, ప్రారంభ ధర 3.70 లక్షలు. 998 సీసీ ఇంజిను, పొడవు మూడున్నర మీటర్లు. స్తంభాల మధ్య ఇరుకు పార్కింగ్‌లో దీనికి మించింది లేదు. ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ అన్నిట్లోనూ వస్తున్నాయి. మైలేజీ బాగుంటుంది, ఊళ్లో ఏ మెకానిక్ అయినా చూస్తాడు. డిక్కీ చిన్నది, వెనక సీట్లో పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. సిటీలోనే, ఒకరిద్దరే తిరిగేవాళ్లకు, బడ్జెట్ అయిదు లక్షలు దాటనివాళ్లకు నేను దీన్నే చెబుతాను. హైవే మీద పక్కనుంచి బస్సు దూసుకుపోతే బండి కదిలినట్టు తెలుస్తుంది, అందుకే మా మేనకోడలికి వద్దన్నాను.

వ్యాగన్ఆర్, 4.99 లక్షలు. నడపడం నేర్చుకునేవాళ్లకు ఇంత సులువైన బండి తక్కువ. సీటు ఎత్తుగా ఉంటుంది, చుట్టూ అద్దాలు పెద్దవి, నాలుగు మూలలూ ఎక్కడున్నాయో తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కూడా వంగకుండా ఎక్కి కూర్చోవచ్చు. డిక్కీ 341 లీటర్లు, ఊరినుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, అన్నీ పడతాయి. 1.2 ఇంజిన్ దొరికితే అదే తీసుకోండి. మా మేనకోడలికి కూర్చోగానే నచ్చింది ఇదే. రోజూ ఆఫీసు, పిల్లల బడి, కూరగాయల మార్కెట్, అంతవరకే అయితే నేనూ ఊఁ అనేవాణ్ని. నెలకు రెండుసార్లు హైవే అన్నప్పుడు ఆ ఒక్క నక్షత్రం నన్ను ఆపేసింది.

టాటా టియాగో, 4.57 లక్షలు. ఈ ధరలో రోడ్డును ఇంత గట్టిగా పట్టుకుని నడిచే బండి ఇంకొకటి కనపడలేదు. 2020లో నాలుగు నక్షత్రాలు వచ్చాయి, పాత రూల్స్ కింద. 2025 మోడల్‌లో ఎయిర్‌బ్యాగులు రెండే, అదొక్కటే నాకు వెలితిగా అనిపించింది. సీఎన్‌జీ కావాలనుకునేవాళ్లు ముందు దీన్నే చూడాలి. ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పెట్టారు కాబట్టి సామాన్లకు చోటు మిగులుతుంది.

సీఎన్‌జీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మీ ఇంటికీ ఆఫీసుకీ మధ్య దారిలో బంకు ఉంటేనే అది లాభం. క్యూలో అరగంట నిలబడే బంకు అయితే ఆదా అయిన డబ్బు టైముతో పోతుంది. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష, చేయించాలి. నెలకు పదిహేను వందల కిలోమీటర్ల పైన తిరిగేవాళ్లే దాని గురించి ఆలోచించాలి.

స్విఫ్ట్, 5.79 లక్షలు. 2024 మేలో వచ్చిన కొత్త మోడల్. కింది వేరియంట్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ, హిల్ హోల్డ్. మైలేజీ, నడిపే సరదా, తిరిగి అమ్మితే వచ్చే ధర, మూడూ బాగుంటాయి. మా బడ్జెట్‌లో అన్నిటికంటే కింది వేరియంట్ ఎల్ఎక్స్ఐ మాత్రమే వస్తుంది, దాని పైది వీఎక్స్ఐ గీత దాటుతుంది. రెండు ఇబ్బందులు చూశాం. సీటు కిందికి ఉంటుంది, వెనక మూల స్తంభం లావుగా ఉండి రివర్స్‌లో పక్క బండి కనపడదు. కొత్త చేతికి అది కష్టం. ఇంకో మాట. ఇదే ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన కొత్త డిజైర్‌కు 2024 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 నక్షత్రాలు ఇచ్చింది. షోరూమ్‌లో ఆ నక్షత్రాలను స్విఫ్ట్‌కు కూడా చెబుతారు. ఏ బండి పరీక్ష ఆ బండే రాయాలి, అక్క మార్కులు చెల్లికి వేయకూడదు.

హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్, 5.47 లక్షలు. నాలుగు సిలిండర్ల 1.2 ఇంజిన్, పైన చెప్పిన టియాగో, స్విఫ్ట్‌ల మూడు సిలిండర్లతో పోలిస్తే మెత్తగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. క్లచ్ తేలిక, గేర్లు వెన్నలా పడతాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్నిట్లోనూ ఉన్నాయి. 2020 పరీక్షలో మాత్రం రెండే నక్షత్రాలు. సిటీ కోసమే అయితే వ్యాగన్ఆర్‌కు గట్టి పోటీ.

నిస్సాన్ మాగ్నైట్, 5.62 లక్షలు. 2025లో గ్లోబల్ ఎన్‌క్యాప్ కొత్త రూల్స్ కింద పెద్దవాళ్ల రక్షణలో 5 నక్షత్రాలు ఇచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. ఇంజిన్ 999 సీసీ కాబట్టి మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ ప్రీమియం 1000 సీసీ దాటిన వాటికంటే నాలుగు వేల దాకా తక్కువ. కాగితం మీద మా అవసరానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది ఇదే. వెనక్కి లాగింది సర్వీసు. మారుతీ, టాటాలతో పోలిస్తే చిన్న ఊళ్లలో వీళ్ల సర్వీస్ సెంటర్లు తక్కువ. సిటీలో ఉండి సిటీలోనే సర్వీసు చేయించుకునేవాళ్లకు అది అడ్డు కాదు. టర్బో లేని ఇంజిను నలుగురితో, ఏసీతో హైవే మీద కాస్త ఆయాసపడుతుంది, ఓవర్‌టేక్‌కు ముందే గేరు దించుకోవాలి.

టాటా పంచ్, 5.50 లక్షలు. ఎత్తుగా కూర్చుంటాం, రోడ్డు బాగా కనపడుతుంది, కాలనీ స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలదు. తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి, పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి హాయి. డిక్కీ 366 లీటర్లు. లోపాలు కూడా ఉన్నాయి. మూడు సిలిండర్ల ఇంజిన్ చప్పుడు లోపలికి వస్తుంది, సిటీలో మైలేజీ స్విఫ్ట్ కంటే స్పష్టంగా తక్కువ. నెలకు ఎనిమిది వందలో వెయ్యో పెట్రోలుకు ఎక్కువ అవుతుందని లెక్క వేసుకున్నాం.

ఎలక్ట్రిక్ కార్లు చూడలేదా అని అడగొచ్చు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, అది పెద్ద తగ్గింపే. కానీ తను ఉండేది అద్దె ఇల్లు, పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ పెట్టుకోనివ్వరు. ఇంట్లో ఛార్జింగ్ లేనివాళ్లు మొదటి కారుగా దాన్ని తీసుకోవద్దనే చెబుతాను.

గేర్లా, ఏఎంటీనా

బయోడైవర్సిటీ జంక్షన్‌లో సాయంత్రం ఆరున్నరకు ఇరుక్కున్నవాళ్లు ఏఎంటీ వైపే చేయెత్తుతారు. గంటలో వందసార్లు హాఫ్ క్లచ్ తొక్కితే ఎడమ మోకాలు చెబుతుంది. రోజూ అలాంటి దారిలో గంటకు పైగా నడిపేవాళ్లకు ఆ యాభై వేలు వృథా కాదు. అయితే ఏఎంటీ గేరు మార్చేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, ఫ్లైఓవర్ ఎత్తులో ట్రాఫిక్ ఆగితే హిల్ హోల్డ్ లేని బండి వెనక్కి జారుతుంది. తిరుమల లాంటి ఘాట్ దిగేటప్పుడు, గేర్లు తనే మార్చుకునే డి మోడ్‌లో వదిలేసి బ్రేకు మీదే దిగకూడదు, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరులో పెట్టుకుని దిగాలి. ఇది తెలియక బ్రేకులు వేడెక్కించుకునేవాళ్లు చాలామంది.

నా అభిప్రాయం ఇది: ఏఎంటీ కోసం భద్రతలో ఒక మెట్టు దిగాల్సి వస్తే, దిగొద్దు. మా బడ్జెట్‌లో పంచ్ మాన్యువల్ వస్తుంది, ఏఎంటీ గీత దాటుతుంది. "ట్రాఫిక్‌లో కాలు నొప్పి నేను భరిస్తాలే మామయ్యా" అని తనే తేల్చేసింది.

టెస్ట్ డ్రైవ్ మన దారిలో

షోరూమ్ వాళ్లు ఖాళీ సర్వీస్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చేస్తారు. అది టెస్ట్ డ్రైవ్ కాదు. ఫ్లైఓవర్ ఎత్తులో ఆపి మళ్లీ కదిలించమన్నాను. మొదటి బండిలో తను మూడుసార్లు ఆఫ్ చేసుకుంది, చెమటలు పట్టాయి. పంచ్‌లో రెండోసారికి కదిలింది. తర్వాత గతుకుల సందులోకి, ఆ తర్వాత యూటర్న్‌కు. ముందు అద్దం పక్కనుండే స్తంభం వెనక స్కూటర్ మాయమవుతుందేమో చూడమన్నాను. మలుపులో అది ప్రతి బండికీ వేరుగా ఉంటుంది. రాత్రి ఇంకోసారి వెళ్లి హెడ్‌లైట్ వెలుగు కూడా చూశాం. హైవే నడపాల్సినవాళ్లు ఇది తప్పకుండా చూడాలి.

చివరికి మిగిలినవి మాగ్నైట్, పంచ్. సూర్యాపేటలో బండి ఆగిపోతే ఎవరిని పిలవాలి అన్న ప్రశ్న దగ్గర పంచ్ గెలిచింది. కింది నుంచి రెండో వేరియంట్, మాన్యువల్, తెలుపు రంగు. మీ లెక్క వేరుగా తేలొచ్చు. ఇల్లు, ఆఫీసు రెండూ సిటీలోనే అయితే నియోస్. ఇంట్లో పెద్దవాళ్లను రోజూ తిప్పాలంటే వ్యాగన్ఆర్. సీటు ఎత్తు సమస్య లేకుండా మైలేజీ ముఖ్యమైతే స్విఫ్ట్ ఎల్ఎక్స్ఐ.

సంతకానికి ముందు

కొటేషన్‌లో ప్రతి లైను చదవండి. మాకు ఇచ్చిన దానిలో ఇన్సూరెన్స్ 41 వేలు రాశారు. అదే ఐడీవీ (ఇన్సూరెన్స్ వాళ్లు బండికి కట్టే విలువ), అదే జీరో డెప్రిసియేషన్ కవరుతో (భాగాల అరుగుదల కింద క్లెయిములో కోత పెట్టని కవరు) బయట 33 వేలకు వచ్చింది. ఫోన్‌లో చూపిస్తే 34కు దిగారు. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాని ప్రీమియం 2022లో నోటిఫై చేసిన రేట్ల ప్రకారం 1000 సీసీ దాకా 6,521, ఆపైన 1500 సీసీ దాకా 10,640, జీఎస్టీ అదనం. ఇది ఎక్కడ కొన్నా ఒకటే. తేడా వచ్చేది సొంత డ్యామేజీ భాగంలో. కొత్త డ్రైవర్‌కు జీరో డెప్రిసియేషన్ మొదటి రెండు మూడేళ్లు ఉండాలి, సొట్టలు తప్పవు. అలాగని చిన్న గీతకు క్లెయిము వేయొద్దు, మరుసటి ఏడాది రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

"హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని ఉంటే అది దేనికో రాసి ఇవ్వమనండి. అడిగితే చాలాచోట్ల తీసేస్తారు. యాక్సెసరీల ప్యాకేజీ కూడా అంతే, అక్కర్లేకపోతే వద్దనండి.

డబ్బు మొత్తం కట్టేముందు, రిజిస్ట్రేషన్‌కు ముందు, మీకు కేటాయించిన బండిని స్టాక్‌యార్డ్‌లో పగటి వెలుతురులో చూడండి. నేను నా మొదటి కారు ఫిబ్రవరిలో కొన్నాను. ఆర్సీ చేతికొచ్చాక చూస్తే తయారీ అంతకు ముందు సంవత్సరం. అప్పటికే చేసేదేమీ లేదు. అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతబడిన ధరే వచ్చింది. అందుకని ఈసారి ముందే తయారీ నెల, సంవత్సరం కాగితం మీద చూపించమన్నాను. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 1225 అంటే 2025లో పన్నెండో వారం. స్టెప్నీతో కలిపి అయిదు టైర్లూ వంగి చదివాం. నాలుగు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి బాగా పాతదైతే ఎందుకని అడగాలి. కిలోమీటర్ల రీడింగ్, తలుపు సందుల్లో పెయింటు, ఏసీ, అన్ని లైట్లు, జాకీ, పానా. అరగంట పని.

ఫాస్టాగ్ తీసుకునేటప్పుడు యాన్యువల్ పాస్ గురించి కూడా ఆలోచించండి. 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయలకు మొదలైంది, ఏడాది లేదా 200 ట్రిప్పులు. సూర్యాపేట దారిలో పంతంగి, కొర్లపహాడ్ రెండు టోల్‌గేట్లు. రానూపోనూ నాలుగుసార్లు దాటాలి, నెలకు రెండు ప్రయాణాలంటే ఏడాదికి 96. ఆ మూడు వేల లెక్కన ఒక్కోటి 31 రూపాయలు పడింది. మా మేనకోడలికి లాభమే. ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లకు అక్కర్లేదు.

బండి ఇంటికొచ్చాక

మనవాళ్లు మొదట చేసేది సీటు కవర్లు. పక్క ఎయిర్‌బ్యాగులు ముందు సీట్ల అంచుల్లో ఉంటాయి. మందపాటి కవరు గట్టిగా కుట్టేస్తే అది సమయానికి తెరుచుకోదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూసి, ఉంటే ఆ చోట తెరుచుకునేలా కుట్టిన కవరే వేయించండి. ముందు ఇనుప గార్డు వద్దే వద్దు, అది చట్టప్రకారం కూడా కుదరదు.

ఇంకొకటి. పూజ అయ్యాక మా అక్క వెంకటేశ్వరస్వామి విగ్రహం తెచ్చి డ్యాష్‌బోర్డ్ మీద ఎడమవైపు అంటించబోయింది. సరిగ్గా దాని కిందే ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ ఉంది. అది తెరుచుకుంటే విగ్రహం ఎదుటివాళ్ల ముఖానికే వస్తుంది. "అక్కా, స్వామిని మధ్యలో పెడదాం, చిన్న పటం చాలు" అని చెప్పి, ఏసీ మీటల కింద ఖాళీలో చిన్న పటం అంటించాం. ఆ ఆదివారం సూర్యాపేటకు తనే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను, అక్క వెనక సీట్లో బెల్టు పెట్టుకుంది. చౌటుప్పల్ దాటాక స్పీడు ఎనభై తాకగానే బండి టింగ్‌మని హెచ్చరించింది. తను చూపు రోడ్డు మీదే ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఎత్తింది.